తొలి సగం మీద ఒడ్డిన మెట్టు

సాన్ పెద్రో దె మకోరీస్,
1974 నవంబర్ 4, సోమవారం

పిన్నీ, దీవించు.

ఈ ఉదయం నీ మెట్టు మీద ఒక నారింజ తొక్క కనిపించింది. ఎక్కడా తెగకుండా ఒలిచిన ఒకే పొడవాటి చుట్ట. అంత శ్రద్ధగా ఒలిచిన మనిషి నిన్న నా పక్కనే కూర్చుని ఉండాలి. నేను చూడలేదు. నిన్న నేను చూడనివి ఇంకా చాలా ఉన్నాయి.

ఆపరేషన్ బాగా జరిగిందని బస్సు డ్రైవరుతో నువ్వు పంపిన కబురు అందింది. రెండు కళ్ళకూ కట్టు ఉన్నంతకాలం పక్క మంచం దోన్యా నూరిస్ నా ఉత్తరాలు చదివి వినిపిస్తుందని, నీ జవాబులు రాసి పెడుతుందని చెప్పాడు. ఆమెకు నా నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పన్నెండు కాకముందే బేస్‌బాల్ స్టేడియానికి వెళ్ళి, మూడో బేసు గేటు మెట్టు మీద పొయ్యి వెలిగించి యానికెకె రొట్టెలు వేయించాను. పిండి కాస్త గట్టిగా కలిసింది. కొందరు నమలడానికి ఇబ్బంది పడ్డారు గానీ అన్నీ అమ్ముడుపోయాయి. ఆట మొదలయ్యాక, పందేల స్టాండులో నీ చోటు ఖాళీగా ఉండకూడదని అన్నావు కనుక, వెళ్ళి కూర్చున్నాను. పుస్తకం తెరిచాను. వెనక వరసలోంచి ఎవరో, “ఏం సిస్టరమ్మా, జపమాల ఇంట్లో మరిచావా?” అన్నారు. అందరూ నవ్వారు. నేను పేజీ తిప్పాను.

అసలు సంగతి ఇది. రెండో ఇన్నింగ్స్‌లో ఎండ తట్టుకోలేక లేచాను. వరస పొడుగునా మోకాళ్ళు అడ్డంగా ఉన్నాయి. దారి ఇవ్వమని అడగడానికి గొంతు రాలేదు. కాన్వెంటులో వరసలోంచి బయటికి వెళ్ళాలంటే నోరు మెదపకుండా చూపుడువేలు ఎత్తి నిలబడాలి. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. నిన్నా అలాగే నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే ఐసు బండి దోన్ బిబియానో కింది వరసలోంచి, ప్రతి ఆదివారం అడిగే మాటే అడిగాడట: “మిల్లు జట్టు ఓడరేవు జట్టుతో ఆడే రోజున తొలి సగం ఓడరేవుదే. నా బండి ఒడ్డుతున్నా. తొమసీనా మెట్టు ఒడ్డేవాళ్ళు ఉన్నారా?”

స్టాండు అంతా చప్పున మాట ఆపేసింది. దోన్ బిబియానో వెనక్కి తిరిగి నా వేలి వంక చూశాడు. టోపీ తీశాడు. “చూశాం అమ్మాయ్,” అన్నాడు. మిగతావాళ్ళూ టోపీలు తీసి, మోకాళ్ళు పక్కకు జరిపారు. దారి ఇచ్చారనుకుని నేను “థాంక్స్” అన్నాను.

ఆ స్టాండులో వేలెత్తితే పందేనికి ఒప్పుకున్నట్టేనని, నీ చోట్లో కూర్చున్న మనిషి మాట నీ మాటేనని గేటు బయట బఠాణీల ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. ఇరవై నాలుగో తేదీన మిల్లూ ఓడరేవూ ఆడతాయి. మొదటి ఐదు ఇన్నింగ్స్ ముగిసేసరికి ఓడరేవు ముందుంటే, ఇన్నేళ్ళు నువ్వు పొయ్యి పెట్టుకున్న మెట్టు, దాని మీది నీడ, దోన్ బిబియానోవి.

పిన్నీ, ఇది పొరపాటు. వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందా? వెంటనే రాయించు.

నీ
మిరేయా


శాంతో దొమింగో, కంటి వార్డు,
నవంబర్ 8

దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ.

నూరిస్ నీ ఉత్తరం చదివింది. మళ్ళీ చదవమన్నాను. మూడోసారి వార్డు మొత్తానికి వినిపించమన్నాను. నవ్వకూడదు, కట్టు కదులుతుందని నర్సు కోప్పడింది. నవ్వకుండా ఎట్లా? బస్సు ఆపమని అరవలేక రెండు స్టాపులు దాటాక దిగి, ఎండలో వెనక్కి నడిచొచ్చే పిల్లవి నువ్వు. స్టాండు మధ్యలో నిలబడి బిబియానో మొహం మీద వేలెత్తావా? ఎత్తి, పైగా థాంక్స్ అన్నావా? ఆ మనిషికి ఆ రాత్రి అన్నం దిగి ఉండదు.

నీకొక మాట చెప్తాను. పదేళ్ళుగా వాడు ఆ పందెం అరుస్తూనే ఉన్నాడు. నేను అరచెయ్యి ఊపి, పోవయ్యా అనేదాన్ని. అందరూ నాకది లెక్కలేదనుకున్నారు. లెక్కలేక కాదు, భయమేసి. మెట్టు పోతే నేనెవరిని? అంత భయం నాకు. నువ్వు ఒక్క వేలితో తేల్చేశావు.

ఇక నీకు తొలి సగం సంగతి తెలియాలి. తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటే ఐదింటి మీదే ఎందుకు కాస్తాం? ఐదు దాటాక పిచ్చర్ చెయ్యి పడిపోతుంది, అంపైరుకి ఆకలేస్తుంది, స్టాండులో రమ్ము మాట్లాడుతుంది. ఆ తర్వాత ఏమైనా జరగొచ్చు. తొలి ఐదులో మాత్రం ఆటే ఆడుతుంది. అందుకే మన స్టాండులో మర్యాదస్తులు ఆరో ఇన్నింగ్స్ మీద కాయరు.

మన మిల్లు వైపు ఎవరు విసురుతారో కనుక్కో. ఎమెతేరియో అయితే ఈ ఆదివారం అతని మొదటి ఇన్నింగ్స్ కళ్ళు తెరిచి చూసి రాయి. పుస్తకం ఇంట్లో పెట్టు.

పిండిలో నీళ్ళు ఇంకొంచెం పొయ్యి.

మీ పిన్ని
తొమసీనా

(రాసింది నూరిస్. నేను ఓడరేవు వాళ్ళ కోడలిని. అయినా నా మొక్కు నీ వైపే.)


సాన్ పెద్రో,
నవంబర్ 11

పిన్నీ, దీవించు.

నా ఉత్తరం నీకు సరిగ్గా అందలేదనుకుంటాను. నేను ధైర్యంతో వేలెత్తలేదు. దారి అడగడానికి ఎత్తాను. దోన్యా నూరిస్ ఈ వాక్యాన్ని దయచేసి రెండుసార్లు చదవాలి.

ఇక్కడ ఎవరికీ ఈ విషయం చెప్పలేకపోతున్నాను. ఒకరికి చెప్పాలంటే నోరు తెరవాలి. ఈలోగా వాళ్ళే మాట్లాడేస్తున్నారు. చేపల మార్కెట్టులో ఆవిడ నాకు మంచి ముక్క ఏరి ఇచ్చి, “మా ఆయన కూడా మిల్లు మీదే కాశాడు, నిన్ను చూసి,” అంది. మంగలి కొట్టు ముందు బల్ల మీది ముసలివాళ్ళు నేను వెళ్తుంటే లేచి నిలబడ్డారు. నిన్న స్టాండులో వెనక వరస వాళ్ళు సిస్టరమ్మా అనలేదు. “దోన్యా మిరేయా, ఇటు నీడ ఉంది, జరగండి,” అన్నారు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

ఈ ఉదయం కాన్వెంటు లైబ్రరీకి వెళ్తే మదర్ అసున్సియోన్ పిలిపించారు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆమె తలుపు మూసి, కళ్ళద్దాలు తీసి, “నువ్వు చేసింది పాపమా కాదా అన్నది ఫాదరు చూసుకుంటారు. పిచ్చర్ ఎవరు?” అని అడిగారు.

పిచ్చర్ ఎమెతేరియోనే. చెరకు బండ్లు తూచే చోట పనిచేస్తాడు, ఎడమచేతి వాటం, నాలాగే తక్కువ మాట్లాడతాడు. నువ్వు చెప్పినట్టు చూశాను. మొదటి ఇన్నింగ్స్‌లో బంతి ఎటు పోతుందో అతనికే తెలియనట్టుంది. ఇద్దరిని ఊరికే బేసు మీదికి పంపాడు, ఆపైన ఒకడు అతని బంతిని బలంగా కొట్టాడు. మూడు పరుగులు. రెండో ఇన్నింగ్స్ నుంచి అతన్ని ఎవరూ తాకలేకపోయారు. పోయినవారమూ ఇంతేనట. అతని కోసం ఆట ఒక ఇన్నింగ్స్ ఆలస్యంగా మొదలవుతుంది. మన పందెం మాత్రం సమయానికే మొదలవుతుంది.

నువ్వు కళ్ళు తెరిచేసరికి నీ మెట్టు పోగొట్టి ఉంచుతానేమో పిన్నీ. దయచేసి దారి చెప్పు.

నీ
మిరేయా


శాంతో దొమింగో,
నవంబర్ 15

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

రెండుసార్లు చదవమన్నావని నూరిస్ రెండుసార్లే చదివింది: నువ్వు ధైర్యంతోనే ఎత్తావని. నాకు ఒకసారి చెబితే చాలదా? నేనెప్పుడు అనుమానించాను? అయినా ఆ వాక్యం బాగుంది. రాత్రిళ్ళు కట్టు కింద కళ్ళు మంటపుడితే అదే తలుచుకుంటున్నాను.

దారి చెప్పమన్నావు, చెప్తున్నాను విను. ఎమెతేరియో తల్లి నాకు తెలుసు. వాడికి చిన్నప్పటి నుంచి ఒక పిచ్చి ఉంది. చేతిలో ఇన్ని బంతులని ఒక లెక్క ఉంటుందని, ఆటకి ముందు విసిరితే అవి ఖర్చైపోతాయని వాడి నమ్మకం. అందుకే చల్లటి చేత్తో వచ్చి నిలబడతాడు. కోచ్ చెప్పాడు, తల్లి చెప్పింది, వినలేదు. నువ్వెళ్ళి చెప్పు. ఆ ఆదివారం పూజ అయిన దగ్గర్నుంచీ చర్చి వెనక గోడకేసి విసరమను.

ఇది మోసం కాదు. ఓడరేవు వాళ్ళు తమ పిచ్చర్‌కి వారమంతా మేక పులుసు తినిపిస్తున్నారని నూరిస్ మరదలు కబురు తెచ్చింది. మనం పులుసు కూడా పెట్టట్లేదు, మాట చెప్తున్నాం.

వాడు నీకంటే సిగ్గరి. భయపడకు.

తొమసీనా

(నూరిస్: మేక పులుసు సంగతి నేను చెప్పానని ఎక్కడా అనకు.)


సాన్ పెద్రో,
నవంబర్ 19

పిన్నీ, దీవించు.

నేను అడిగిన దారి అది కాదు. కానీ చేతిలో ఉన్నది అదొక్కటే కనుక వెళ్ళాను.

తూకం గది బయట చెరకు బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. నేనూ వరసలో నిలబడ్డాను. నా ముందు ఎడ్లు, వెనక ఎడ్లు. నా వంతు వచ్చేసరికి ఎమెతేరియో తలెత్తకుండానే, “బండి ఎక్కడ?” అన్నాడు.

“లేదు,” అన్నాను.

అప్పుడు చూసి లేచి నిలబడ్డాడు. టోపీ ఎక్కడ పెట్టాడో వెతుక్కున్నాడు. అది తలమీదే ఉంది.

“మీరు దోన్యా తొమసీనా గారి అమ్మాయి. వేలెత్తింది మీరే కదా.”

“ఆదివారం పొద్దున చర్చి వెనక గోడకేసి బంతి విసరండి,” అన్నాను. దారంతా పాఠంలా అప్పజెప్పుకుంటూ వచ్చిన వాక్యం. ఆ తర్వాతిది మరిచిపోయాను.

“విసిరితే అయిపోతాయండీ.”

“ఏవి?”

అతను తన ఎడమ భుజం చూపించాడు.

వెనక బండివాడు, “పెళ్ళి మాటలైతే పక్కకెళ్ళి మాట్లాడుకోండి, నా ఎడ్లకి దాహంగా ఉంది,” అని అరిచాడు. ఇద్దరం నేల చూశాం. నాకు కోపం వచ్చింది పిన్నీ, ఎవరి మీదో తెలియదు. ఆ కోపంలో మాట వచ్చింది. “మీ దగ్గర మొదటి ఇన్నింగ్స్‌లో ఖర్చయ్యేవి మంచి బంతులు కావు. ఆ చెడ్డవన్నీ గోడకి ఇచ్చేసి రండి. మంచివి మాకు తీసుకురండి,” అన్నాను.

అతను భుజం తడిమి చూసుకున్నాడు. “ఎంతసేపు విసరాలి?”

“చొక్కా తడిసేదాకా.”

“సరే,” అన్నాడు. నిజంగా ఒప్పుకున్నాడో, ఎడ్ల కోసం అన్నాడో చెప్పలేను.

ఇంటికొచ్చి పొయ్యి, మూకుడు, గరిటె తోమి పెట్టాను. మెట్టు పోతే వీటిని ఎక్కడ పెట్టాలి అని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని పూర్తి చేయలేదు.

నీ
మిరేయా


సాన్ పెద్రో,
నవంబర్ 25, సోమవారం

పిన్నీ, దీవించు. దోన్యా నూరిస్, దయచేసి ఒక్క అక్షరం కూడా వదలకుండా చదవండి.

నిన్న పూజలో ఫాదరు ప్రసంగం చేస్తుండగా గోడ అవతల నుంచి ధబ్ మని చప్పుడు వచ్చింది. కాసేపటికి మళ్ళీ ధబ్. ఫాదరు ఆగి గోడవైపు చూశారు. మదర్ అసున్సియోన్ మాత్రం కళ్ళు మూసుకుని చిన్నగా తలూపారు. ప్రసంగం ఆ చప్పుళ్ళ మధ్య ఖాళీల్లో జరిగింది.

ఎమెతేరియో మైదానంలోకి వచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుని ఉంది. స్టాండులో కూర్చోవడానికి చోటు లేదు, మెట్ల మీద కూడా జనం. నీ చోటు మాత్రం ఖాళీగా ఉంచారు. కింది వరసలో దోన్ బిబియానో తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు కూర్చున్నాడు. బండి గేటు దగ్గర కడిగి పెట్టి ఉంది.

మన గడ్డ కనుక ముందు ఓడరేవు బ్యాటింగ్. మొదటివాడు మూడు బంతులు చూసి వెళ్ళిపోయాడు. రెండోవాడు కొట్టింది నేరుగా చేతుల్లో పడింది. మూడోవాడు గాలిని కొట్టాడు. స్టాండులో మంగలి కొట్టు ముసలాయన, “వీడు ఎమెతేరియో కాదు. వీడి అన్నని ఎవడినో పట్టుకొచ్చారు,” అన్నాడు.

రెండో ఇన్నింగ్స్‌లో మనకో పరుగు వచ్చింది. మూడులో వాళ్ళకి ఒకటి. నాలుగులో తేలికైన బంతి ఒకటి మనవాడి కాళ్ళ మధ్యలోంచి పోయింది, వాళ్ళకి ఇంకొకటి. దోన్ బిబియానో వెనక్కి తిరిగి చూడలేదు. అది మర్యాద అని నాకు ఇప్పుడు అర్థమైంది.

ఐదు. బేసులన్నిటి మీదా వాళ్ళ మనుషులు, ఇద్దరు అవుట్. బ్యాటు పట్టుకున్నవాడు మూటలు మోసే మనిషి, మెడ నా నడుమంత ఉంది. ఎమెతేరియో టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. అతని భుజంలో ఇంకెన్ని మిగిలాయో నేనే లెక్కపెడుతున్నాను. కొట్టాడు. బంతి పైకి, పైకి, కంచెదాకా పోయింది. మనవాడు కంచెకి వీపు ఆనించి పట్టుకున్నాడు. నా పక్కావిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. గాజుల గుర్తు ఇంకా ఉంది.

మన వంతు. రెండు–ఒకటి, వాళ్ళు ముందు. మొదటి ఇద్దరూ వచ్చిన దారినే వెళ్ళారు. ఇక ఒక్క అవుట్‌తో మెట్టు పోతుంది. కొందరు మన వైపు వాళ్ళు లేచి దుమ్ము దులుపుకున్నారు. “కూర్చోండి,” అన్నాను. పిన్నీ, బయటికే అన్నాను. కూర్చున్నారు.

మూడోవాడికి వాళ్ళ పిచ్చర్ బంతులు దూరంగా వేసి ఊరికే బేసు ఇచ్చాడు. నాలుగోవాడు గట్టిగా కొట్టాడు. ఒకరు మూడో బేసు మీద, ఒకరు రెండో బేసు మీద. ఇప్పుడు బ్యాటు ఎమెతేరియోది. స్టాండు మూలిగింది. అతను ఈ ఏడాది ఒక్కసారీ సరిగా కొట్టలేదట. మొదటి బంతికే బ్యాటు తగిలింది. దెబ్బ కాదు, తట్టినట్టు. బంతి బద్ధకంగా ఇద్దరి మధ్యలోంచి గడ్డిలోకి దొర్లింది. మూడో బేసువాడు పరుగు పూర్తిచేసి హోమ్ బేసు చేరాడు. సమం. రెండో బేసువాడు ఆగాలి, అందరూ ఆగమని అరుస్తున్నారు, అతను ఆగలేదు. సరిగ్గా మా కింద నుంచి మూడో బేసు తిరిగాడు, టోపీ ఎగిరిపోయింది, బంతి అతని తలమీదుగా వస్తోంది. అతనూ, హోమ్ బేసు దగ్గర బంతి అందుకునేవాడూ ఒకేసారి దుమ్ములో కనబడకుండా పోయారు.

అంపైరు వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు. అవుట్ కాదన్నట్టు రెండు చేతులూ పక్కలకి చాచాడు.

మూడు–రెండు. నేను బల్ల మీద నిలబడి ఉన్నాను, ఎప్పుడు ఎక్కానో తెలియదు. పక్కాయన చెవి మూసుకుని నావైపు చూస్తున్నాడు. పుస్తకం బల్ల కింది సందులోంచి ఎక్కడో పడిపోయింది. వెతకలేదు.

తర్వాతివాడు అవుట్ అయ్యాడు. తొలి సగం ముగిసింది. దోన్ బిబియానో లేచి, వెనక్కి తిరిగి, టోపీ తీసి, బండి తాళం వరస మీదుగా పంపించాడు. చేతులు మారుతూ నా దాకా వచ్చింది. నేను లేవగానే మోకాళ్ళు వాటంతట అవే జరిగాయి.

మెట్టు దగ్గరికొచ్చి పొయ్యి వెలిగించాను. ఆట చివరికి ఎవరు గెలిచారో ఇంతవరకూ అడగలేదు.

నీ
మిరేయా


శాంతో దొమింగో,
నవంబర్ 29

తల్లీ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఈ వంకర అక్షరాలు నావే. నిన్న కట్టు విప్పారు. మొదట కనిపించింది నూరిస్. నేననుకున్నంత లావుగా లేదు. రెండోది నీ ఆట ఉత్తరం. అది చదివి, లేచి కూర్చుని, నర్సు చేత తిట్లు తిన్నాను. ఆ తర్వాత పాతవి కూడా సొంత కళ్ళతో చదువుకుందామని తీశాను.

నూరిస్‌ని నిలదీశాను. ఏడుస్తూ చెప్పింది. ఆపరేషన్ అయిన మనిషికి బెంగ పెట్టకూడదని డాక్టరు అన్నాడట, అందుకని బెంగ ఉన్న చోటల్లా తిరగేసి చదివిందట. ‘లేదు’ అని ఉంటే ‘ఉంది’ అని. మనిషి మంచిదే. గవర్నమెంటులో ఉద్యోగం ఇవ్వకూడదు.

కాబట్టి నువ్వు దారి అడగడానికే ఎత్తావు. మూడు వారాలు నేను ఈ వార్డులో చెప్పుకుని మురిసిపోయిన పిల్ల నూరిస్ నోట్లో పుట్టిందన్నమాట. ఫరవాలేదు. గెలిచాం, మెట్టు మిగిలింది, నా పిల్ల నా పిల్లే. కానీ కొంచెం చప్పబడ్డాను, దాచను.

ఒక్కటే అర్థం కాలేదు. బిబియానో ఎంత వాగినా పెద్దమనిషి. ‘తెలియక ఎత్తాను, వదిలేయండి’ అని ఒక్కమాట అని ఉంటే ఆ నిమిషమే వదిలేసేవాడు. స్టాండులో ఎవరూ తప్పుపట్టరు. ఇంత నరకం ఎందుకు పడ్డావు? అడగడానికి నోరు రాకనే కదూ?

బండి సంగతి నేను ఆలోచించాను. వాడి ఐసు వాడినే అమ్ముకోమందాం, మన మెట్టు కింద. నీడ ఇద్దరికీ సరిపోతుంది. కానీ ఇప్పుడే చెప్పకు. ఒక్క ఆదివారం ఎండలో నిలబడనీ.

గురువారం బస్సుకి వస్తున్నాను.

తొమసీనా


సాన్ పెద్రో,
డిసెంబర్ 2

పిన్నీ, దీవించు.

గురువారం బస్టాండులో ఉంటాను. నల్లకళ్ళద్దాలు తీయొద్దు, ఎండ ఎక్కువగా ఉంది. ఇంటికి సున్నం వేయించాను. పిండి ఇప్పుడు మెత్తగానే కలుస్తోంది. నిన్న ఎమెతేరియో రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి వెళ్ళాడు.

దోన్ బిబియానోకి బండి సంగతి నిన్ననే చెప్పేశాను. నువ్వు వద్దన్నావు, కానీ ఆయన ఎండలో ఊరికే చేతులు కట్టుకుని నిలబడితే చూడలేకపోయాను. ఆయన మెట్టు వంక, నా వంక చూసి, ఐసు తురిమి, చింతపండు పాకం పోసి నాకు ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

దోన్యా నూరిస్‌ని ఏమీ అనకు. నీ ఉత్తరాల్లో ఆమె తిరగేసి చదివిన పిల్లనే నేను రోజూ చదువుకుంటూ వచ్చాను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఆటకి ముందు రోజు, శనివారం సాయంత్రం, దోన్ బిబియానో మన ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, “అమ్మాయ్, ఆ రోజు నువ్వు తెలియక ఎత్తావని నాకు అనుమానంగా ఉంది. అదే అయితే ఇక్కడితో వదిలేద్దాం,” అన్నాడు. తెలిసే ఎత్తానని చెప్పాను.

నీ
మిరేయా